శనివారం ఊదుతాం

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి నా తమ్ముణ్ణి ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని క్లినిక్కు గదిలోకి తీసుకొచ్చారు. కాళ్లు నేలకి ఆనుతున్నాయి గాని నడవడం లేదు. పెదవులు వంకాయ రంగుకి తిరిగాయి. మంచం మీద కూర్చోబెడితే రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, మెడ ముందుకు చాచి, గాలి కోసం నోరు తెరిచాడు. లోపలికి పోయిన గాలి బయటికి రావడం లేదు. ఈల వేసినట్టు సన్నటి చప్పుడొకటి వస్తోంది.

పరుపుల్లో పెట్టే నురగ దిమ్మెలు పోసే షెడ్డులో వాడి పని. రెండు డ్రమ్ముల సరుకు తొట్టిలో కలిపి పోస్తారు. కలిసిన మరుక్షణం అది పాలు పొంగినట్టు పొంగుతుంది. పొంగేటప్పుడు లేచే ఆవిరికి అక్కడి మనుషులు పెట్టుకున్న పేరు ఘాటు. డ్రమ్ము మీద ఇంకేదో పొడుగాటి పేరు ఉంటుంది. అది పలకడం మాలో ఎవరికీ రాదు. పీల్చడం మాత్రం అందరికీ వచ్చు.

నేను అదే కంపెనీ క్లినిక్కులో ఊపిరి పరీక్ష చేసేదాన్ని. గొట్టం నోట్లో పెట్టుకుని బలంగా ఊదితే పెట్టెలోని కాగితం మీద గీత పడుతుంది, పక్కన అంకె పడుతుంది. ఆరునెలలకోసారి షెడ్డులోని నూట పన్నెండు మందీ నా ముందు నిలబడి ఊదాలి. మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా వచ్చే సోమవారం పొద్దున్న ఊదాలి. "ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా" అని తొమ్మిదేళ్లు అరిచాను. అందుకే నాకు ఊదుడక్క అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేదాన్ని.

ఆ శనివారం నేను గొట్టం చేతిలోకి తీసుకున్నాను. కంపెనీ డాక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇప్పుడొద్దమ్మా."

"ఇప్పుడే కదా సార్ తెలిసేది."

"సోమవారం పొద్దున్న చేద్దాం. రేపెలాగూ సెలవు. రెస్టు తీసుకోమను."

తమ్ముడు నా చీర కుచ్చెళ్లు పట్టుకున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి, "అక్కా... ఇప్పుడే... ఊదనీ" అన్నాడు.

నేను గొట్టం తీసుకెళ్లి దాని చోట పెట్టేశాను. ఈ సభలో ఉన్న కార్మికులారా, ఇక్కడికొచ్చిన విద్యార్థులారా, ఇది మొదటే చెప్పాలి మీకు. పెట్టేసింది నేనే. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. డాక్టరు గారు ఒద్దన్నారు, నేను పెట్టేశాను. ఆయన ఒక సూది ఇచ్చి పంపేశారు.

ఆదివారం వాడు పొద్దెక్కేదాకా పడుకున్నాడు. సాయంత్రానికి లేచి, మరదలి కుట్టుమిషను బెల్టు తెగితే బిగించాడు. మరదలు ఇంట్లోనే కూర్చుని అదే కంపెనీకి పరుపు గలేబులు కుట్టేది. సోమవారం పొద్దున్న ఏడున్నరకి తల దువ్వుకుని వచ్చి నా ముందు నిలబడి ఊదాడు. ఐదు వందల నలభై వచ్చింది, ఆరోగ్యంగా ఉన్న మనిషికి వచ్చేదే. రెండోసారి ఐదు వందల యాభై.

"చూశావా?" అన్నారు డాక్టరు గారు. "నువ్వు ఊరికే కంగారు పడ్డావు."

నేను అంకె రాశాను. కింద "పనికి తగిన ఆరోగ్యం" అని రాశాను. ఆయన సంతకం పెట్టారు. తమ్ముడు షెడ్డులోకి వెళ్లిపోయాడు.

గురువారం పదకొండుంబావుకి తొట్టి పక్కనే పడిపోయాడు. నా గదిలో తప్ప ఇంకెక్కడా మంచం లేదు కాబట్టి నా దగ్గరికే తెచ్చారు. డాక్టరు గారు చాలాసేపు ఛాతీ మీద ఒత్తారు. తర్వాత ఒత్తడం మానేశారు. అప్పుడే కడిగిన గొట్టం మూతులు తువ్వాలు మీద ఆరబెట్టి ఉన్నాయి. వాడికి చేయడానికి నా దగ్గర ఇక పనేమీ లేదు. వెళ్లి ఆ మూతుల్ని ఒక్కొక్కటే రెండో వైపుకి తిప్పాను, అటువైపు కూడా ఆరాలి కదా అని. ఇరవై నాలుగు ఉన్నాయి. అన్నీ తిప్పాక కూర్చున్నాను.

ఏడవలేదు. ఏడుపు రాలేదని చెప్పడం సరైన మాట. మూడో రోజు పనిలోకి వెళ్లాను. గది తుడిచాను, బల్ల తుడిచాను. ఎవరో వచ్చి పలకరిస్తే, వాళ్ల పెదవులు కదులుతున్నాయని మాత్రం తెలిసేది.

పది రోజులకి కంపెనీ నుంచి మరదలికి కాగితం వచ్చింది. సోమవారం జరిపిన పరీక్షలో ఊపిరితిత్తులు సవ్యంగా ఉన్నాయి, కాబట్టి మరణానికీ పనికీ సంబంధం లేదు, ఇంటి దుమ్ము వల్ల ఉబ్బసం వచ్చి ఉండవచ్చు. కింద ఇంకో కాగితం జత చేశారు. మరదలు దాన్ని కూడబలుక్కుని చదివింది. చదివి నా ముందు పెట్టింది.

"ఇది నీ రాతే కదా వదినా."

"నాదే."

"అబద్ధం రాశావా?"

"లేదు. ఆ అంకె నిజమే."

"అయితే ఆయనెందుకు చచ్చిపోయాడు?"

నేను ఆ కాగితం మడిచి ఆమెకి తిరిగిచ్చాను. ఆమె కాసేపు నా మొహం వంక చూసి, మిషను దగ్గరికి వెళ్లి మిగిలిన గలేబు కుట్టుకుంది.

ఆ వారం శనివారం, డాక్టరు గారు వెళ్లిపోయాక, కోత మేస్త్రి నా గదికి వచ్చాడు. ఎండిన నురగ దిమ్మెల్ని కాలే తీగతో పలకలుగా కోసే మనిషి. షెడ్డులో అందరికంటే పాత మనిషి. గుమ్మం దగ్గర ఆగి రెండు నిమిషాలు దగ్గాడు. దగ్గు తగ్గాక తలుపు దగ్గరికి వేశాడు.

"అమ్మా, సోమవారం నేను పెళ్లికొడుకుని. అది నీకు తెలుసు. మంగళవారానికి మామూలు మనిషిని. శనివారానికి నా బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగితే మళ్లీ లేవడానికి ముహూర్తం చూసుకోవాలి. తొమ్మిదేళ్లుగా నువ్వు పెళ్లికొడుకునే చూస్తున్నావు. ఇవాళ ఈ రెండోవాణ్ణి కూడా చూడు."

పాత కాగితం తీశాను. సోమవారాల్లో ఎప్పుడూ నాలుగు వందల ఎనభైకి తగ్గలేదు ఆయన. గొట్టం ఇచ్చాను. రెండు వందల అరవై వచ్చింది. పెట్టె పాడైందనుకుని నేనూ ఊదాను. నాది నాకు సరిగ్గానే వచ్చింది. మళ్లీ ఆయనతో ఊదించాను. రెండు వందల నలభై.

మేస్త్రి నవ్వాడు. "నీ పెట్టె శనివారం కూడా పనిచేస్తుందన్నమాట. నాకిన్నాళ్లూ అనుమానంగా ఉండేది."

ఆయన వెళ్లాక బీరువా తెరిచి ఊపిరి పరీక్షల ఫైలు తీశాను. తొమ్మిదేళ్లుగా ఆ ఫైలు మీద దుమ్ము దులుపుతున్నాను, విప్పి చదవలేదు. మొదటి కాగితం మీదే ఉంది. "పరీక్షలు వారపు సెలవు మరుసటి ఉదయం, పని మొదలవడానికి ముందే జరపాలి. షిఫ్టు మధ్యలో గాని, వారం చివర గాని జరపరాదు." కింద కంపెనీ ముద్ర. తారీఖు నేను ఉద్యోగంలో చేరకముందుది. అంటే వాళ్లకి తెలుసు. మా ఊపిరి ఏ రోజు పడుతుందో, ఏ రోజు లేస్తుందో మాకంటే ముందు వాళ్లకి తెలుసు. లేచే రోజే చూసి రాసుకోమన్నారు. ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. భయం వేయలేదు. ఏమీ వేయలేదు.

సర్కారు ఛాతీ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లి ఆమెకి అన్నీ చూపించాను. ఆమె కాగితం రెండుసార్లు చదివింది. లేచి స్టోరు గదిలోకి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చింది. అందులో చేత్తో పట్టుకుని ఊదే ప్లాస్టిక్ గొట్టాలు ముప్పై ఉన్నాయి. ఊదితే పక్కన ఎర్ర ముల్లు జరిగి అంకె చూపిస్తుంది.

"ఒక్క అంకె ఏమీ చెప్పదు," అంది. "ఘాటు పీల్చినప్పుడు ఊపిరి ఎంత పడుతోంది, పీల్చనప్పుడు ఎంత లేస్తోంది, అది చూడాలి. నిద్ర లేవగానే ఊదాలి. పనిలో దిగే ముందు, మధ్యలో, పని అయ్యాక, పడుకునే ముందు. సెలవు రోజున కూడా. నాలుగు వారాలు. ఘాటు తగలని మనుషుల్ని కూడా ఒకరిద్దర్ని కలుపుకోండి, తేడా తెలుస్తుంది. ఇంకో మాట. అబద్ధం రాయొద్దు. ఒక్కరు తగ్గించి రాసినా చాలు, వాళ్లు మిగతావన్నీ చెత్తబుట్టలో వేస్తారు."

"గొట్టాలు ఎక్కడివని ఎవరైనా అడిగితే?" అన్నాడు మేస్త్రి.

"నేనిచ్చానని చెప్పండి. ఆసుపత్రి ఉన్నది ఎందుకు?"

ఆ తర్వాతి ఆదివారం షెడ్డు వాళ్లం కలిశాం. మరదలి కుట్టుగదిలో కూర్చున్నాం. కుర్చీలు లేవు. గలేబుల కట్టల మీద, గుమ్మంలో, మెట్ల మీద నలభై మంది దాకా కూర్చున్నారు. నేను నిలబడి చెప్పడం మొదలుపెట్టానో లేదో నురగ పోసే అచ్చులు తుడిచే ఆవిడ లేచింది. ఆమెని అందరూ మైకు అనేవాళ్లు. ఒకప్పుడు షెడ్డు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర మిషన్ల హోరులో కూడా వినపడేది. ఇప్పుడు గొంతు గరగరమంటుంది, నాలుగు మాటలకోసారి తెగిపోతుంది.

"తొమ్మిదేళ్లు మమ్మల్ని ఊదించుకుని వాళ్లకి రాసిచ్చావు," అంది. "ఇప్పుడు తమ్ముడు పోయాక... గుర్తొచ్చామా?"

"అవును," అన్నాను.

"అవునంటావేంటి?"

"మరేమనమంటావు?"

డ్రమ్ములు దొర్లించే హమాలీ గోడకి చేరబడి ఉన్నాడు. "సరే అక్కా, గొట్టాలు ఊదుతాం. ఊదితే ఘాటు పోద్దా? ఉద్యోగం పోద్ది. మన షెడ్డు బయట రెండు వందల మంది నిలబడి ఉన్నారు లోపలికి రావడానికి."

"వాళ్లూ పీలుస్తారు," అన్నాడు మేస్త్రి. "నువ్వు పోయాక."

"నువ్వు ముసలాడివి. నీకు పోయేదేముంది?"

"నాకున్నది సగం ఊపిరిరా. నీకింకా ముప్పాతిక ఉంది. మనిద్దర్లో ఎవడికి ఎక్కువ పోతుందో నువ్వే లెక్క చూసుకో."

కొందరు నవ్వారు. నవ్విన వాళ్లకి దగ్గొచ్చింది. ఆ దగ్గు ఒకరి నుంచి ఒకరికి పాకి, గదంతా దగ్గింది. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. అది తగ్గేదాకా అందరం ఆగాం.

అప్పటిదాకా మిషను ముందు అటు తిరిగి కూర్చున్న మరదలు ఇటు తిరిగింది.

"నా మొగుడు సోమవారం బాగున్నాడు. కాగితం మీద ఉంది. గురువారం లేడు. అదీ కాగితం మీద ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఏ కాగితం మీదా లేదు. మీ మధ్య రోజులు రాసుకోండి. నేను అడిగేది అంతే."

మైకు ముందుకొచ్చి అట్టపెట్టెలోంచి ఒక గొట్టం తీసుకుంది. "అరవడానికి గొంతు ఎలాగూ లేదు. ఊదడానికి ఎంతుందో చూద్దాం."

హమాలీ అందరికంటే చివర తీసుకున్నాడు.

నాలుగు వారాలు ఊదారు. భోజనం డబ్బాల్లో పెట్టుకొచ్చి మరుగుదొడ్డిలో ఊదారు, దిమ్మెల చాటున ఊదారు, సైకిళ్ల స్టాండులో ఊదారు. ఒకసారి సూపర్‌వైజరు మైకు చేతిలో గొట్టం చూసి అదేంటన్నాడు. "బూర. మా ఆయన పక్కింట్లో పేకాటకి కూర్చుంటే పిలవడానికి," అంది. నమ్మాడో లేదో గాని వెళ్లిపోయాడు. ఘాటు తగలని మనుషులుగా గేటు కాపలావాళ్లు ఇద్దరు, క్యాంటీనులో గిన్నెలు కడిగే ఆయన ఒకడు ఊదారు.

ఆదివారం ఆదివారం చీటీలు మరదలి దగ్గరికి వచ్చేవి. గలేబుల కొలతలు గీసుకునే ఖాకీ కాగితం చాప అంత పొడవున పరిచి, ఆమె అంకెల్ని చుక్కలుగా పెట్టి గీతలు కలిపేది. బట్ట కొలిచే కళ్లు కదా, చుక్క ఎక్కడ పెట్టాలో మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది. రెండో వారంలో హమాలీ చీటీ పక్కన పెట్టేసింది.

"ఇది ఒక్కసారే కూర్చుని రాసింది. ఒకే పెన్సిలు, ఒకే వత్తు. అన్నీ నూట యాభయ్యేనా?"

హమాలీ తల గోక్కున్నాడు. "కాస్త తగ్గించి రాస్తే గట్టిగా ఉంటుంది కదాని... వాళ్లు రాయలేదా అబద్ధాలు?"

"వాళ్లు అబద్ధం రాయలేదు," అన్నాను. "నిజమే రాశారు. వాళ్లకి కావాల్సిన రోజు చూసి రాశారు."

"ఉన్న నిజం చాల్లేదా నీకు?" అంది మరదలు. "ఆ పక్కన చూడు మైకు గీత."

చూశాడు. చీటీ చింపేసి మళ్లీ మొదటినుంచి ఊదాడు. నాలుగో వారం చివర అతని గీత కూడా నిజంగానే నూట డెబ్బైకి దిగింది. ఆ రోజు అతను చీటీ ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోయాడు.

చాలా గీతలు ఒకే మాట చెప్పాయి. ఆదివారం లేస్తుంది. సోమవారం నుంచి మెట్లు దిగినట్టు దిగుతుంది. శనివారానికి అడుగున ఉంటుంది. ఇరవై ఏడు మందిలో పంతొమ్మిది మందికి అంతే. గేటు వాళ్లవీ, గిన్నెలు కడిగే ఆయనదీ మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. మరదలు కాగితం చుట్టబెట్టి నా చేతికిచ్చింది.

ఆరునెలల పరీక్ష సోమవారం వచ్చింది. ఈసారి సర్కారు తనిఖీ అధికారి కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన మేనేజరు. డాక్టరు గారు పెన్ను మూత తీసి పెట్టుకున్నారు. బయట వరండా పొడుగునా నూట పదకొండు మంది వరసలో నిలబడ్డారు. మొదట కోత మేస్త్రి వచ్చాడు. గొట్టం ఇచ్చాను.

"ఊదు మేస్త్రీ."

"ఊదనమ్మా."

గొట్టం బల్ల మీద పెట్టి పక్కకి జరిగాడు. రెండో మనిషి వచ్చాడు. గొట్టం తీసుకున్నాడు, నోరు మూసుకున్నాడు, బల్ల మీద పెట్టాడు. మూడో మనిషి మైకు. ఆమె గొట్టం ముట్టుకోను కూడా లేదు. పదో మనిషి దాకా మేనేజరు ఓర్చుకున్నాడు.

"ఏంటిది? ఇది మీ ఆరోగ్యం కోసమే కదా పెట్టింది!"

"మా ఆరోగ్యం సోమవారం బాగానే ఉంటుందండీ," అన్నాడు మేస్త్రి. "దానికి ఊదడం దేనికి? శనివారం రండి. షిఫ్టు దిగే ముందు, షెడ్డులోనే ఊదుతాం."

"శనివారం ఊదుతాం," అన్నాడు వరండాలో ఎవరో. ఆ మాట వరస చివరిదాకా వెళ్లింది. అరుపు కాదది. ఒకరి తర్వాత ఒకరు, పక్కవాడితో చెప్పినట్టు చెప్పారు.

అధికారి నావైపు తిరిగాడు. "ఏంటమ్మా వీళ్ల గొడవ?"

నేను తెల్ల దుప్పటి మంచం మీదే ఖాకీ కాగితం పరిచాను. తమ్ముణ్ణి పడుకోబెట్టిన మంచమే. ఉన్నది అదొక్కటే. పక్కన, ఫైలులోంచి తీసిన కాగితం పెట్టాను. అధికారి కళ్లజోడు పెట్టుకున్నాడు. డాక్టరు గారు ఒక్కసారి చూసి కిటికీ వైపు తిరిగారు.

"ఇది కంపెనీ కాగితం," అన్నాడు మేనేజరు. "ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదండి. నేనే తీశాను."

మధ్యాహ్నం పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. దొంగతనం, రహస్య పత్రాలు బయటపెట్టడం, కార్మికుల్ని రెచ్చగొట్టడం అని రాసుకున్నారు. జీపులో నా పక్కన కూర్చున్న ఆడ కానిస్టేబులు భయమేస్తోందా అంది. లేదన్నాను. ఆకలేస్తోందా అంది. తెలియడం లేదన్నాను.

మంగళవారం పదింటికి స్టేషను ముందు రోడ్డు మీద ఏదో కదులుతోందని కానిస్టేబుళ్లు గేటు దగ్గరికి వెళ్లారు. నేను బెంచీ మీద నుంచి కిటికీలోంచి చూశాను. షెడ్డు వాళ్లు వస్తున్నారు. వాళ్ల ఇళ్లవాళ్లు వస్తున్నారు. మీరు ఊరేగింపులు చాలా చూసి ఉంటారు. అలాంటిది చూసి ఉండరు. జెండాలు లేవు. నినాదాలు లేవు. వంద అడుగులు నడుస్తారు. ఎవరికో ఆయాసం వస్తుంది. మేస్త్రి చెయ్యి ఎత్తుతాడు. మూడు వందల మందీ ఉన్నచోటే రోడ్డు మీద కూర్చుంటారు. ఆ మనిషికి ఊపిరి అందాక మళ్లీ అందరూ లేస్తారు. రెండు మైళ్లు రావడానికి మూడు గంటలు పట్టిందట. బస్సులు ఆగిపోయాయి. హారన్లు కొట్టి కొట్టి డ్రైవర్లే దిగొచ్చి, ఏమైంది వీళ్లకి అని అడిగి, విని, బస్సు పక్కనే నిలబడిపోయారట.

స్టేషను ముందుకొచ్చి కూర్చున్నారు. ఎస్సై బయటికి వెళ్లాడు. లాఠీ చేతిలో ఉంది. ఎవరి మీద ఎత్తాలో తెలియలేదు.

"వెళ్లిపోండి! లేకపోతే ఏం కావాలో చెప్పండి! ఏదో ఒకటి మాట్లాడండయ్యా!"

మైకు లేవకుండానే చెప్పింది. "ఊపిరి దాచుకుంటున్నాం బాబూ. శనివారం... ఊదాలి."

సాయంత్రం జామీను మీద నన్ను వదిలారు. కేసు ఉంది. ఉద్యోగం అప్పటికే తీసేశారని కంపెనీ గేటు దగ్గర కాగితం అంటించారట. మరదలు నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. తమ్ముడు పోయాక ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు. ఆ చెయ్యి నాకు తెలిసింది. వేళ్ల చివర సూది పోట్ల గరుకు తెలిసింది.

మూడు రోజులు షిఫ్టు దిగాక నేరుగా వెళ్లి తనిఖీ అధికారి ఆఫీసు ముందు కూడా అలాగే కూర్చున్నారు. శుక్రవారం ఆయన సరే అన్నాడు. శనివారం నాలుగింటికి పెట్టెని షెడ్డులోకి మోసుకెళ్లారు. నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు ఊచల దగ్గర మరదలు ఖాకీ కాగితం గోడకి ఆనించి పట్టుకుంది, నేను పెన్సిలు పట్టుకున్నాను. అంకెలు రహస్యంగా ఉంచాలని మేనేజరు లోపల చెప్పాడట. మొదట ఊదిన మేస్త్రి వెనక్కి తిరిగి తన అంకె తనే పైకి చెప్పాడు. "రెండు వందల ముప్పై!" తలుపు దగ్గరున్నవాడు అందుకుని గేటుకి చెప్పాడు. గేటు కాపలావాడు మాకు చెప్పాడు. అందరూ అలాగే చెప్పారు. మైకుది నూట అరవై. ఎవరూ సిగ్గుపడలేదు. డాక్టరు గారు తలెత్తకుండా అన్నీ రాశారట, ఒక్కటీ వదల్లేదట. పాత సోమవారం అంకెలతో పోలిస్తే నూట పదకొండు మందిలో అరవై నలుగురికి ఊపిరి మూడో వంతు పైగా పడిపోయింది.

అధికారి నివేదిక రాసుకుని పైకి పంపుతానన్నాడు. పైనుంచి ఎప్పుడొస్తుందంటే తెలియదన్నాడు.

సోమవారం పొద్దున్న షిఫ్టు గంట కొట్టారు. నేను గేటు బయట ఉన్నాను. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపలంతా కనపడుతోంది. మనుషులు వెళ్లారు. తొట్టి పక్కన, రెండు డ్రమ్ముల ముందు వరసలో నిలబడ్డారు. గాలి పైకి లాగే పంకాలు బిగించేదాకా సరుకు పోసేది లేదని మేస్త్రి చెప్పాడు. పంకాల సంగతి తర్వాత చూద్దాం, ముందు పోయమన్నాడు మేనేజరు. ఎవరూ కదల్లేదు. డ్రమ్ము మూత విప్పే పానా తీసి మేనేజరు హమాలీ చేతిలో పెట్టాడు.

హమాలీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కవాడికిచ్చాడు. అతను పక్కవాడికిచ్చాడు. పానా వరస పొడుగునా చేతులు మారుతూ వెళ్లింది. కిందపడిన చప్పుడు లేదు, తొందర లేదు. మనిషికొక్క క్షణం పట్టుకున్నారు. నూటికి పైగా చేతులు మారాక ఆ చివరనున్న మైకుకి చేరింది. ఆమె కొంగుతో దాన్ని శుభ్రంగా తుడిచింది. నడుచుకుంటూ వచ్చి మేనేజరు చేతిలో పెట్టింది.

"మీరు తియ్యండి సార్," అంది.

మేనేజరు డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు. పానా మూతకి తగిలించాడు. ఒక వైపు తిప్పబోయి ఆగాడు, రెండో వైపు తిప్పబోయి ఆగాడు. అది ఏ వైపు తిప్పితే వస్తుందో ఆయనకి తెలియదు. చెప్పడానికి ఒక్కరూ నోరు తెరవలేదు.